మూడో నెలలో రాసే మాత్ర

మా షాపుకి వచ్చే మందుల చీటీల్లో నేను అద్దాలు లేకుండా చదవగలిగేది ఒకటుంది. ఫోలిక్ యాసిడ్, రోజుకొకటి, ముప్పై. కింద డాక్టరు గారి గొలుసుకట్టు సంతకం. పట్టుకొచ్చేది ఎక్కువగా అత్తగారో, భర్తో. పక్కన కొత్తగా కడుపుతో ఉన్న అమ్మాయి వేవిళ్లతో నీరసంగా నిలబడి ఉంటుంది. "ఎన్నో నెలమ్మా?" అని అడుగుతాను. "మూడో నెలండి" అంటుంది. షాపు పెట్టి ఇరవై రెండేళ్లయింది. నూటికి తొంభై సార్లు ఇదే జవాబు.

స్ట్రిప్పు ఇస్తాను. మాత్ర మంచిదే, వేసుకోవాల్సిందే, రక్తం పట్టడానికి అవసరం. కానీ ఆ మాత్ర చేయగలిగిన అన్నిటికంటే పెద్ద పనికి, అంటే కడుపులో బిడ్డ వెన్ను సరిగ్గా మూసుకునేలా చూడటానికి, అప్పటికే గడువు దాటిపోయి ఉంటుంది. ఈ సంగతి నాకు 2010 మార్చి దాకా తెలియదు. ఫార్మసీ చదివాను, ఆరేళ్లుగా రోజూ ఆ మాత్ర అమ్ముతున్నాను, అయినా తెలియదు.

ఆ మార్చిలో మా చెల్లెలికి మొదటి కాన్పు. ఐదో నెల స్కాన్‌లో అంతా బాగుందనే రాసిచ్చారు. నేను ఆస్పత్రి వరండాలో స్వీట్ల డబ్బా పట్టుకుని నిలబడ్డాను. నర్సు పాపని తీసుకొచ్చింది గానీ ఏమీ మాట్లాడలేదు. బోర్లా తిప్పి చూపించింది. నడుం కింద నిమ్మకాయంత సంచి. ఉల్లిపొరలాంటి చర్మం, లోపల నీళ్లు, ఆ నీళ్లలో ఎర్రగా ఏదో.

డాక్టరు గారు మా బావనీ నన్నూ గదిలోకి పిలిచారు. మెనింగోమైలోసీల్ అంటారన్నారు. స్పైనా బిఫిడాలో బరువైన రకం. వెన్నుపూసలు మూసుకోలేదు, వెన్నుపాము బయటికొచ్చేసింది, కాళ్లు సరిగ్గా రావు, ఒంటికీ రెంటికీ తెలియదు, తలలో నీరు చేరుతుంది. ఇవన్నీ నిజమే. ఆ తర్వాత అన్నారు: "డబ్బు పెట్టి బతికించినా మీకూ సుఖం ఉండదు, పిల్లకీ ఉండదు. ఇంటికి తీసుకెళ్లి ఆలోచించుకోండి." ఆలోచించుకోండి అంటే ఏమిటో ఆ గదిలో ఉన్న ముగ్గురికీ తెలుసు.

ఆయన్ని రాక్షసుడని నేను అనను. ఆ మాట ఆయన సొంతం కాదని చాలా ఏళ్ల తర్వాత చదివితే అర్థమైంది. ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో జాన్ లోర్బర్ అనే పిల్లల డాక్టరు ఉండేవాడు. మొదట్లో ఇలాంటి ప్రతి బిడ్డకీ ఆపరేషన్ చేయాలన్న జట్టులోనే ఉన్నాడు. 1971లో 524 మంది పిల్లల లెక్క తీసి, ఇంత కష్టపడినా చాలామంది పోతున్నారు, బతికినవాళ్లు బాధపడుతున్నారు, కాబట్టి ఎవరికి చేయాలో ఎవరికి వద్దో పుట్టగానే తేల్చేయాలని రాశాడు. తల మరీ పెద్దదైతే, కాళ్లు పూర్తిగా పడిపోతే, వెన్ను వంకర ఉంటే వద్దు. ఆ లెక్కలో వద్దన్న పిల్లలకి ఆపరేషన్ లేదు, ఇన్ఫెక్షన్ వస్తే మందు లేదు. అదే ఊళ్లో రాబర్ట్ జాకరీ అనే సర్జన్ దీన్ని గట్టిగా వ్యతిరేకించాడు. వైద్యం మానేసిన పిల్లలు పోయారు కాబట్టి వాళ్లు బతికేవాళ్లు కాదని చెప్పడం ఏం లెక్కో నాకైతే బోధపడదు. తర్వాత షికాగోలో డేవిడ్ మెక్‌లోన్ ఏరివేత లేకుండా అందరికీ ఆపరేషన్ చేస్తూ పోతే ఎక్కువమంది బతికారు, తెలివితేటల్లో చాలామంది మామూలు పిల్లల్లాగే ఉన్నారు. ఇవన్నీ అచ్చయిన సంగతులే. అయినా 1971 నాటి అభిప్రాయం 2010లో మా పక్క టౌనులో, ఏసీ గదిలో, తెల్లకోటు వేసుకుని కూర్చుంది.

మా బావ పెద్దగా చదువుకోలేదు. రొయ్యల చెరువుల మీద పని. బయటికొచ్చి గోడకి ఆనుకుని, "పిల్ల ఏడుస్తుంది కదా బావా, బతకాలని ఉన్నట్టే కదా" అన్నాడు. ఆ రాత్రే అంబులెన్స్ మాట్లాడాం.

మూడో రోజున పెద్ద ఊళ్లో న్యూరోసర్జన్ వీపు మూసేశారు. నాడులు బయటికి తెరుచుకుని ఉన్నాయి గనక మొదటి రెండు మూడు రోజుల్లోనే మూయాలి, లేకపోతే మెదడుకి ఇన్ఫెక్షన్ పాకుతుంది. మూసినంత మాత్రాన పోయిన నాడి తిరిగి రాదు. ఉన్నది పోకుండా కాపాడుతుంది, అంతే. రెండు వారాలకి తల చుట్టుకొలత పెరగడం మొదలైంది. షంట్ వేశారు. తలలో చేరిన నీటిని చర్మం కింద నుంచి సన్నటి గొట్టంతో పొట్టలోకి దింపే ఏర్పాటు అది. అందులో నీరు వెనక్కి పోకుండా చిన్న వాల్వు ఉంటుంది. 1950ల నడుమ అమెరికాలో ఫిలడెల్ఫియా దగ్గర జాన్ హోల్టర్ అనే మెషిన్ పనివాడు తన కొడుకు కోసం దాన్ని తయారుచేశాడు. ఆ బాబుకీ మా పిల్లకున్నదే. బాబు ఎక్కువ కాలం బతకలేదు గానీ వాల్వు బతికింది. మన దేశంలో షాజహాన్‌పూర్‌లో తయారయ్యే ఛాబ్రా షంట్ ఖరీదైన విదేశీ షంట్లలో పదో వంతు కన్నా తక్కువకే దొరికేది. ఉగాండాలో పనిచేసిన బెంజమిన్ వార్ఫ్ అనే సర్జన్ రెంటినీ పక్కపక్కన పెట్టి చూసి, ఏడాది తర్వాత ఫలితంలో తేడా లేదని 2005లో రాశాడు. మందుల షాపువాణ్ణి కదా, ఇలాంటివి చదివితే ఎక్కడలేని ఆనందం.

ఇక ఇంటి సంగతి. మా చెల్లెలి అత్తగారు కారణం కనిపెట్టేశారు. గ్రహణం. 2009 జూలై 22 తెల్లవారుజామున సూర్యగ్రహణం పట్టింది, మనకి పాక్షికంగానే. ఆ వేళకి మా చెల్లెలు బావ క్యారేజీ కోసం బెండకాయలు తరుగుతూ ఉంది. నెల తప్పిందన్న అనుమానం ఉన్నా ఇంకా ఎవరికీ చెప్పలేదు. "కత్తిపీట పట్టుకుంది, పిల్ల వీపు తెగింది" అని ఆవిడ ఊరంతా చెప్పారు. మా చెల్లెలు దాన్ని నమ్మింది కూడా. అత్తగారిని తిట్టి లాభం లేదు. మూడున్నర కిలోల పిల్ల వీపు తెరుచుకుని పుడితే మనిషికి ఏదో ఒక కారణం కావాలి, డాక్టరు చెప్పకపోతే పంచాంగం చెబుతుంది.

నేను కాగితం తీసుకుని లెక్క వేసి చూపించాను. గర్భం నిలిచిన మూడో వారంలో పిండం వీపు పొడుగునా ఒక చదును పలక ఏర్పడుతుంది. దాని అంచులు రెండు వైపులా పైకి లేచి, ఆత్రేయపురంలో పూతరేకు చుట్టినట్టు చుట్టుకుని గొట్టమవుతాయి. నాడీనాళం అంటారు. పై చివర మెదడు, మిగిలినది వెన్నుపాము. ఆ గొట్టం ఇరవై ఎనిమిదో రోజుకల్లా రెండు చివర్లా మూసుకుపోవాలి. పై చివర మూసుకోకపోతే మెదడు ఏర్పడదు, ఆ బిడ్డ దక్కదు. కింది భాగం మూసుకోకపోతే స్పైనా బిఫిడా. మా చెల్లెలి తేదీలు చూస్తే గర్భం నిలిచింది జూన్ 20 ప్రాంతంలో. ఇరవై ఎనిమిదో రోజంటే జూలై 18. గ్రహణం పట్టింది 22న. "గ్రహణం నాలుగు రోజులు లేటుగా వచ్చిందే అమ్మాయ్" అన్నాను. కాన్పు తర్వాత అది నవ్వడం అదే మొదటిసారి.

ఆ కాగితం మీద ఇంకో లెక్క కూడా పడింది. అది నవ్వొచ్చేది కాదు. గర్భం నిలిచిన పద్నాలుగో రోజుకి గానీ నెల తప్పదు. వారం ఆగి చూస్తారు. ఇంకో వారానికి మా షాపులో టెస్ట్ కిట్ కొంటారు. అప్పటికి గొట్టం మూసుకోవడమో మానడమో జరిగిపోయింది. డాక్టరు దగ్గరికి వెళ్లేది రెండో నెల చివర, మూడో నెల మొదట. అప్పుడు నా దగ్గరికి చీటీ వస్తుంది.

ఈ మాత్ర చరిత్ర మన జిల్లాతో ముడిపడి ఉంది. మా ఊరి నుంచి భీమవరం బస్సులో గంట కూడా పట్టదు. యల్లాప్రగడ సుబ్బారావు 1895లో పుట్టింది అక్కడే. అన్నదమ్ములు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. తిన్నది ఒంటికి పట్టక మనిషి ఎండిపోయే జబ్బు అది. ఆయన మద్రాసులో వైద్యం చదివి అమెరికా వెళ్లి, లెడర్లీ కంపెనీ పరిశోధనశాల బాధ్యత తీసుకున్నాక, 1945లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ని ప్రయోగశాలలో తయారుచేసింది. స్ప్రూకి మందు అదే. అంతకు ముందు 1920ల చివర బొంబాయి మిల్లు కార్మికుల్లో గర్భిణుల రక్తహీనత చూడటానికి వచ్చిన లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ, ఈస్టుతో చేసే మార్మైట్ అనే ముద్ద తినిపిస్తే వాళ్లు కోలుకోవడం గమనించింది. అందులో ఉన్నదేమిటో ఆమెకి తెలియదు. ఆ 'ఏదో' చివరికి ఫోలేట్ అనే విటమిన్‌గా తేలింది. ఫోలిక్ యాసిడ్ దాని మాత్ర రూపమే. అంటే ఈ మందు ఆనవాలు దొరికింది బొంబాయిలో, తయారుచేసిన బృందం పెద్ద భీమవరంవాడు. మన ఇంట్లో పుట్టిన మాత్ర మన ఇంటికే ఆలస్యంగా వస్తోంది.

వెన్నుపాముకీ ఫోలేట్‌కీ సంబంధం ఉందన్న అనుమానం 1960ల్లోనే ఇంగ్లండులో హిబ్బార్డ్, స్మిథెల్స్ అనే డాక్టర్లకి వచ్చింది. తిరుగులేని రుజువు 1991లో దొరికింది. బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ ఏడు దేశాల్లో, అప్పటికే ఇలాంటి బిడ్డ పుట్టిన తల్లుల మీద పరీక్ష జరిపింది. గర్భానికి ముందు నుంచే రోజుకి 4 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ వేసుకున్న వాళ్లలో అదే లోపం మళ్లీ రావడం 72 శాతం తగ్గింది. తేడా ఎంత స్పష్టంగా ఉందంటే పరీక్షని మధ్యలోనే ఆపేశారు, ఇంకా కొందరికి ఉత్తుత్తి మాత్ర ఇవ్వడం న్యాయం కాదని. మరుసటి ఏడాది హంగరీలో, అంతకు ముందు ఏ లోపమూ లేని తల్లుల్లో కూడా పనిచేస్తుందని తేలింది.

అప్పట్నుంచి ప్రపంచమంతా ఒకటే సలహా. పిల్లలు కలిగే వయసున్న ప్రతి స్త్రీ రోజుకి 400 మైక్రోగ్రాములు, గర్భానికి కనీసం నెల ముందు నుంచి. ఇంతకు ముందు ఇలాంటి బిడ్డ పుట్టి ఉంటే దానికి పదింతలు, అది డాక్టరు చెప్పి రాయాలి. సలహా బాగానే ఉంది. పాటించేదెవరు? కొత్తగా పెళ్లయిన జంట షాపుకొస్తే నేను చెప్పి చూశాను. ఒకసారి ఒక పెళ్లికొడుకు తల్లి నా మీద విరుచుకుపడింది: "పెళ్లయి పదహారు రోజుల పండగ కూడా కాలేదండీ, అప్పుడే మీకేం తొందరండీ?" నేను నోరు మూసుకుని ఆవిడ అడిగిన జలుబు మాత్రలు ఇచ్చాను. ఆ సలహా చేరాల్సింది ఇంకా కడుపుతో లేని అమ్మాయికి. ఆ అమ్మాయికి జబ్బు లేదు, చీటీ లేదు, డాక్టరు లేడు. సగం గర్భాలు అనుకోకుండా వచ్చేవే. ముందు నుంచి మాత్ర వేసుకోండని ఎవరితో చెబుతాం?

అందుకే నా వాదన ఇది. ఈ మాత్రని చీటీకి వదిలేయకూడదు, అన్నంలో పెట్టాలి. నేను కనిపెట్టిన మాట కాదు. అమెరికా 1998 నుంచి పిండిలో ఫోలిక్ యాసిడ్ కలపాలని చట్టం చేసింది, వంద గ్రాములకి 140 మైక్రోగ్రాములు. కెనడా కూడా అదే సమయంలో చేసింది, అక్కడ ఈ లోపాలు 46 శాతం తగ్గాయి. చిలీ 2000లో, దక్షిణాఫ్రికా 2003లో, ఆస్ట్రేలియా 2009లో. రుజువు ఇచ్చిన బ్రిటన్ మాత్రం పిండిలో మందు కలిపితే జనం ఏమంటారోనని ముప్పై ఏళ్లు తటపటాయించి, 2021లో సరే అంది. అక్కడ 2026 చివరికల్లా అమలు కావాలి. ఈ విషయంలో ఇంగ్లీషువాళ్ల సాగదీత చూస్తే మన గవర్నమెంటు ఆఫీసులే నయమనిపిస్తుంది.

మన దగ్గరా కలిపారు. రేషన్ బియ్యంలో, మధ్యాహ్న భోజనంలో, అంగన్‌వాడీలో వచ్చే బియ్యం 2024 నాటికి ఫోర్టిఫైడ్, అంటే పోషకాలు కలిపినది, అయింది. వంద గింజలకి ఒకటి చొప్పున ఇనుము, ఫోలిక్ యాసిడ్, బీ12 కలిపిన గింజ ఉంటుంది. కడిగేటప్పుడు ఆ గింజలు కొన్ని పైకి తేలతాయి. మా వీధిలో ప్లాస్టిక్ బియ్యం అని ఏరి పారేసేవాళ్లు. మా ఆవిడ కూడా పారేసింది, నా ఇంట్లోనే, ఆరు నెలలు.

కానీ పారేయకుండా తిన్నా ఎంత వస్తుంది? కిలో బియ్యంలో 75 నుంచి 125 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉండాలని ప్రమాణం. కిలోలో, వంద గ్రాముల్లో కాదు. ఒక ఆడమనిషి రోజుకి 300 గ్రాముల బియ్యం తింటే ఆమెకి అందేది ఎక్కువలో ఎక్కువ 37 మైక్రోగ్రాములు. కావాల్సింది 400. అమెరికా పిండితో పోలిస్తే మన బియ్యంలో కలిపేది పదో వంతు కన్నా తక్కువ. కలిపామన్న పేరు మిగులుతుంది. కాలేజీ, హైస్కూలు ఆడపిల్లలకి వారానికొకటి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రదీ ఇదే కథ. అందులో ఫోలిక్ యాసిడ్ 500 మైక్రోగ్రాములు. వారానికొకసారి ఇచ్చేటప్పుడు నాడీనాళ లోపాల్ని కూడా దృష్టిలో పెట్టుకుని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది 2800. రక్తహీనత కోసం పెట్టిన పథకాన్ని రక్తహీనత కోసమే కొలిచారు, వెన్నుపాముని లెక్కలోకి తీసుకోలేదు. మాత్ర రంగు మార్చనక్కర్లేదు, ప్యాకింగ్ మార్చనక్కర్లేదు, లోపల మోతాదు పెంచితే చాలు.

ఉప్పు ఇంకా మంచి దారి అని నాకు అనిపిస్తుంది. గాయిటర్ అనే గొంతు వాపు రాకుండా అయొడిన్ కలిపిన ఉప్పు మన పల్లెల్లో ప్రతి వంటింట్లోకీ చేరింది కదా. రేషన్ బియ్యం తినని ఇళ్లకి కూడా ఉప్పు వెళ్తుంది. దక్షిణ భారతంలోని నాలుగు పల్లెల్లో అయొడైజ్డ్ ఉప్పులో ఫోలిక్ యాసిడ్ కూడా కలిపి ఆడవాళ్లకి ఇచ్చి చూస్తే, కొన్ని నెలల్లోనే వాళ్ల రక్తంలో ఫోలేట్ బాగా పెరిగిందని 2024లో ప్రచురించారు. 2023 మేలో ప్రపంచ ఆరోగ్య సభ స్పైనా బిఫిడా పేరు పెట్టి మరీ తీర్మానం చేసింది, ఆహారంలో కలపండి అని.

నా పాత మిత్రుడు, ఆయుర్వేదం మీద గురి ఉన్నవాడు, ఇది విని "తోటకూర, పెసలు, అలసందలు తినమని చెప్పు, చాలు" అంటాడు. తినాల్సిందే. ఆకుకూరల్లో, పప్పుల్లో ఫోలేట్ ఉంది. కానీ మనం తోటకూరని నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు వంచేసి, మళ్లీ పోపులో వేయించేసరికి మిగిలేది తక్కువ. పైగా కూరలో ఉన్న ఫోలేట్‌ని ఒళ్లు మాత్రలో ఉన్నంత బాగా పీల్చుకోలేదు. ఇంకొందరు, ఫోలిక్ యాసిడ్ ఎక్కువైతే బీ12 లోపం బయటపడకుండా దాక్కుంటుంది కదా అంటారు. ఇది కొట్టిపారేసే మాట కాదు, శాకాహారులు ఎక్కువున్న చోట మరీను. దానికి జవాబు రెండూ కలిపి ఇవ్వడం. మన ఫోర్టిఫైడ్ బియ్యం గింజలో బీ12 ఎలాగూ చేర్చారు.

ఒక రాత్రి మా చెల్లెలు అడిగింది, "అన్నయ్యా, నేను ముందే ఆ మాత్ర వేసుకుని ఉంటే చిన్ని ఇలా పుట్టేది కాదా?" నేను రోజూ ఆ మాత్ర అమ్మేవాణ్ణి, నా సొంత చెల్లెలికి పెళ్లిలో ఒక స్ట్రిప్పు ఇవ్వలేదు. అన్నీ ఫోలేట్ లోపం వల్లే రావు. వంశంలో ఉండేవి ఉంటాయి, తల్లికి షుగర్ ఉంటే, మూర్ఛకి వాల్‌ప్రోయేట్ వాడుతుంటే కూడా ఈ ముప్పు పెరుగుతుంది. ఇవేవీ దానికి లేవు. వందమందికి చెప్పగలిగే లెక్క ఒక్కరికి చెప్పలేమని చెప్పాను. అది "ఊఁ" అంది. రెండో కాన్పుకి మూడు నెలల ముందు నుంచి డాక్టరు రాసిన 5 మిల్లీగ్రాముల మాత్ర ఒక్క రోజు తప్పకుండా వేసుకుంది. బాబు ఏ లోపమూ లేకుండా పుట్టాడు. దాన్ని కూడా నేను రుజువనను.

ఇప్పుడు అందరూ అడిగే ఆపరేషన్ సంగతి. కడుపులో ఉండగానే బిడ్డ వీపు కుట్టే ఆపరేషన్. మా బంధువుల గ్రూపులో ఏడాదికొకసారైనా ఒక ఫోటో తిరుగుతుంది. గర్భసంచి కోతలోంచి ఒక చిట్టి చెయ్యి బయటికొచ్చి సర్జన్ వేలు పట్టుకుంటుంది. 1999లో అమెరికాలో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో తీసిన ఫోటో అది. బిడ్డ తనంతట తాను పట్టుకోలేదని, తల్లీ బిడ్డా మత్తులో ఉన్నారని, చెయ్యి తనే తీసి పట్టుకున్నానని ఆ సర్జన్ చెప్పాడు. అది మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చేయరు.

ఆపరేషన్ మటుకు నిజం. తెరుచుకున్న వెన్నుపాము ఉమ్మనీటిలో నెలల తరబడి నానుతూ ఇంకా దెబ్బతింటుంది, కాబట్టి ముందే మూసేస్తే మేలన్నది ఆలోచన. అమెరికాలో మూడు ఆస్పత్రుల్లో జరిపిన పరీక్ష ఫలితాలు 2011లో వచ్చాయి. గర్భం 26 వారాలు నిండక ముందే ఆపరేషన్ చేస్తే, ఏడాది వయసుకి షంట్ అవసరమైన పిల్లలు 40 శాతం, పుట్టాక చేస్తే 82 శాతం. రెండున్నరేళ్లకి ఏ ఊతం లేకుండా నడిచినవాళ్లు 42 శాతం, పుట్టాక చేస్తే 21. చాలా పెద్ద తేడా. కానీ కడుపులో ఆపరేషన్ అయిన తల్లుల్లో ఐదుగురిలో నలుగురికి నెలలు నిండకుండానే కాన్పయింది. గర్భసంచి కుట్టు పల్చబడటం ఇంకో భయం. ఆ తర్వాతి కాన్పులన్నీ సిజేరియనే. ఇప్పుడు పెద్ద కోత లేకుండా సన్నటి గొట్టాలతో చేసే పద్ధతులు వచ్చాయి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖలో డయానా ఫార్మర్ అనే సర్జన్ బృందం మాయ నుంచి తీసిన మూలకణాల పట్టీని వీపు మీద అతికించి చూస్తోంది, 2021లో మొదలుపెట్టారు. దాని మీద నాకు ఆశ ఉంది. అయితే బడి వయసుకొచ్చాక చూస్తే, కడుపులో ఆపరేషన్ అయిన పిల్లల్లో కూడా సగానికి పైగా ఒంటికి పోవడానికి ట్యూబు మీదే ఆధారపడుతున్నారు.

ఆ ట్యూబు గురించే నాకు ఎక్కువ చెప్పాలని ఉంది.

ఒకప్పుడు వీపు కుట్టి, షంట్ వేసి బతికించిన పిల్లలు పదేళ్లకో ఇరవై ఏళ్లకో కిడ్నీలు పాడై పోయేవారు. మూత్రాశయానికి నాడి మాట వినిపించదు. నిండుతుంది, ఖాళీ అవదు, ఒత్తిడి పెరిగి మూత్రం వెనక్కి కిడ్నీల్లోకి ఎగదన్నుతుంది. 1972లో మిషిగన్‌లో జాక్ లాపిడెస్ అనే యూరాలజిస్టు చాలా మామూలుగా కనిపించే మాట ఒకటి చెప్పాడు. రోగి తన చేతులు కడుక్కుని, తనే సన్నటి ట్యూబు పెట్టుకుని, మూడు నాలుగు గంటలకొకసారి మూత్రాశయం ఖాళీ చేసుకోవాలి. శుభ్రంగా ఉంటే చాలు, ఆపరేషన్ థియేటర్‌లోలాగా క్రిములు లేకుండా చేయక్కర్లేదు. తోటి డాక్టర్లు ముక్కున వేలేసుకున్నారు. ఇన్ఫెక్షన్లకి అసలు కారణం నిండిపోయి సాగిన మూత్రాశయమే, ఖాళీగా ఉంచితే ఒళ్లే క్రిముల సంగతి చూసుకుంటుందన్నాడు. నిజమైంది. స్పైనా బిఫిడాతో పుట్టిన పిల్లలు ఇవాళ పెద్దవాళ్లవుతున్నారంటే, పెళ్లిళ్లు చేసుకుంటున్నారంటే, ఏ రోబో ఆపరేషన్ కన్నా ఈ ట్యూబుకే నేను ముందు దండం పెడతాను.

చిన్నికి నాలుగో ఏట ఈ సంగతి తెలిసింది, అదీ జ్వరాలు వచ్చి వచ్చి ఒక కిడ్నీ వాచాక. అంతవరకు డైపర్లు మారుస్తూ ఉన్నాం, తడుస్తోంది కదా, పోతోందనుకున్నాం. ట్యూబు వేయడం ఒక నర్సమ్మ నేర్పింది. మొదట్లో మా చెల్లెలి చేతులు వణికేవి. నా షాపులో అప్పుడు పెద్దవాళ్ల సైజులే ఉండేవి, చిన్నపిల్లలకి పాలు పట్టే ఫీడింగ్ ట్యూబు వాడమన్నారు, చాలా ఊళ్లలో ఇప్పటికీ అదే వాడుతున్నారు. ఈ పిల్లలకి రబ్బరు పడదని కూడా అప్పుడే తెలిసింది. పుట్టినప్పట్నుంచి ఆపరేషన్లు, గ్లౌజులు, ట్యూబులు తగిలి తగిలి ఒళ్లు లేటెక్స్ మీద తిరగబడుతుంది. పుట్టినరోజుకి బుడగ ఊది మూతి వాచిపోతే కేకు దద్దులనుకున్నాం.

బడి సంగతి చెప్పక తప్పదు. కాలికి పట్టీ, చేతిలో కర్ర పట్టుకుని మా పిల్ల నడుస్తుంది. మొదట వెళ్లిన బడివాళ్లు నడకని చూసి ఏమీ అనలేదు. పదకొండు గంటలకి, రెండు గంటలకి పది నిమిషాలు బాత్రూము కావాలంటే వద్దన్నారు. "మిగతా పేరెంట్స్ ఏమనుకుంటారండీ" అన్నారు. మా చెల్లెలు ఇంకో బడిలో చేర్చి, మూడేళ్లు ఆ బడి బయట చెట్టు కింద కూర్చుంది, పదకొండుకి ఒకసారి, రెండుకి ఒకసారి లోపలికి వెళ్లడానికి. ఎనిమిదో ఏట చిన్ని చిన్న అద్దం పెట్టుకుని తనే వేసుకోవడం నేర్చుకుంది. ఆ రోజు మా చెల్లెలు చెట్టు కింద నుంచి లేచి ఇంటికొచ్చి మధ్యాహ్నం రెండు గంటల దాకా నిద్రపోయింది.

పుట్టుకతో వచ్చే లోపాల కోసం కేంద్రం 2013లో పెట్టిన బాల ఆరోగ్య కార్యక్రమం జాబితాలో నాడీనాళ లోపాలు ఉన్నాయి. జిల్లా కేంద్రంలో పరీక్షలు చేసి పెద్దాస్పత్రికి పంపుతారు. వికలాంగుల సర్టిఫికెట్ వస్తుంది. కానీ మా పిల్ల సర్టిఫికెట్‌కి కొలిచింది కాళ్లని. ఎంత శాతం నడక పోయిందో రాశారు. మూత్రాశయం శాతం ఎవరూ అడగలేదు. గొళ్లెం ఉన్న తలుపు, ఒక కొక్కెం, కుళాయిలో నీళ్లు, ఈ మూడూ లేక చదువు మానేసే పిల్లలకి ర్యాంపు కట్టి ఏం లాభం?

ఈ మధ్య నడుం నొప్పితో ఎక్స్‌రే తీయించుకున్న కుర్రాళ్లు రిపోర్టులో స్పైనా బిఫిడా అక్కల్టా అన్న మాట చూసి, ఇంటర్నెట్‌లో వెతికి, మొహం పాలిపోయి నా దగ్గరికొస్తున్నారు. దానికి టెన్షన్ అక్కర్లేదు. పూస వెనకాల చిన్న ఖాళీ, చర్మం లోపలే. పదిమందిలో ఒకరికైనా ఉంటుంది, చాలామందికి జీవితాంతం తెలియను కూడా తెలియదు. పేరు ఒకటే, జబ్బు ఒకటి కాదు.

చిన్ని ఇప్పుడు ఇంటర్. మొన్న కాలేజీ నుంచి వస్తూ షాపు దగ్గర ఆటో ఆపించింది. కౌంటరు దగ్గర నలుగురు ఉన్నారు. గొంతు తగ్గించలేదు.

"మావయ్యా, పది నంబరు ట్యూబు సన్నమైపోయింది, టైం ఎక్కువ పడుతోంది. డాక్టరు గారు పన్నెండు వాడమన్నారు. క్లాసు మొదలయ్యేలోపు అయిపోవాలి కదా."

స్టాకిస్టుకి ఫోన్ చేశాను. పన్నెండు నంబరు విడిగా ఇవ్వరట, డబ్బాకి వంద. డబ్బా పంపమన్నాను. "అన్నెందుకండీ, మిగతావి ఎవరు కొంటారు?" అన్నాడు మా షాపులో కుర్రాడు. మా ఒక్క షాపుకే ఇంకో ముగ్గురు పిల్లల తల్లులు వస్తారు. వాళ్లు కూడా పెరుగుతున్నారు.